ఆరుబయట పాఠం – 4: గలగల ఎక్కడ వినిపించింది?

ఈసారి పొడుపుకథలతో చెట్లను గుర్తుపట్టించడం చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న మీరు పంపిన నోటుపుస్తకాలు చూశాక మళ్లీ నీళ్ల దగ్గరికే వెళ్లక తప్పడం లేదు.

పోయినసారి ఏమడిగాను? విజయవాడలో బ్యారేజీకి ఎగువన ఘాట్ మెట్ల మీద ఇరవై నిమిషాలు నిలబడి, విన్నదీ చూసిందీ అయిదు వాక్యాల్లో రాయమన్నాను. పద్నాలుగు పుస్తకాలొచ్చాయి. తొమ్మిదింటిలో మొదటి వాక్యం ఒకటే: "కృష్ణమ్మ గలగలా పారుతోంది."

ఆ వారమంతా గేట్లు మూసే ఉన్నాయి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 1223.5 మీటర్ల పొడవు, 70 గేట్లతో నదికి అడ్డంగా నిలబడి ఉంది. నీటిమట్టం పెంచి ఏలూరు కాలువకూ బందరు కాలువకూ నీళ్లు అందించడం దాని పని. గేట్లు దించితే ఎగువన నది చెరువులా ఆగిపోతుంది. అక్కడ గలగల ఎవరికి వినిపించింది?

ఎవరికీ వినిపించలేదు. చిన్న తరగతుల నుంచీ మన చేతికి అలవాటైన మాట అది. నది అనగానే కలం దాన్ని రాసేస్తుంది, చెవికి పని లేకుండా పోతుంది. రేపు మీ తరగతిలో నలభై మంది పిల్లలు కూడా మిమ్మల్ని చూసి అదే రాస్తారు. నా బాధ అది.

మిగిలిన వాటిలో ఒక పుస్తకం ఫిజికల్ సైన్స్ మెథడ్ (ఆ సబ్జెక్టు బోధన పద్ధతి) చదివే అమ్మాయిది. "క్షమించండి మేడమ్, నాకు కవిత్వం రాదు" అని మొదలుపెట్టి ఇలా రాసింది: "నీళ్ల చప్పుడు లేదు. పడవ వెళ్లాక మాత్రం మెట్టుకు తగిలి చప్‌మంది. ఏడుసార్లు. తర్వాత మళ్లీ ఏమీ లేదు." ఆ "ఏడుసార్లు" చదివి నేను కాసేపు ఆగిపోయాను. లెక్కపెట్టింది కాబట్టే ఆ తర్వాతి నిశ్శబ్దం మనకూ వినిపిస్తోంది. క్షమాపణ అక్కర్లేదమ్మా.

అలాగని గలగల తప్పు మాటేమీ కాదు. దాన్ని తప్పు చోట వాడారు, అంతే. అది ఎక్కడ పుడుతుందో చూద్దాం. నీరు ఊరికే సాగిపోతే పెద్దగా చప్పుడు చేయదు. రాళ్ల మీద పడి దొర్లేటప్పుడు గాలిని లోపలికి లాక్కుంటుంది. అలా చిక్కిన గాలిబుడగ నొక్కుకుపోయి, ఉబ్బి, మళ్లీ నొక్కుకుపోయి కంపిస్తుంది. మనం వినేది ఆ కంపనాన్నే. చిన్న బుడగది సన్న గొంతు, పెద్ద బుడగది బొంగురు గొంతు. మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త 1933లో దీనికి లెక్క కట్టాడు. దాని ప్రకారం మూడు మిల్లీమీటర్ల వ్యాసార్థమున్న బుడగ సెకనుకు సుమారు వెయ్యిసార్లు కంపిస్తుంది. లోతుగా, నిలకడగా ఉన్న నీటిలో బుడగ చిక్కదు, కాబట్టి గలగల ఉండదు. అదే గేట్లు ఎత్తిన రోజు దిగువన వినిపించేది హోరు. గలగల కావాలంటే పలచగా, రాళ్ల మీదుగా పారే నీరు వెతుక్కోవాలి.

ఇప్పుడు మన ఇంటి మాటలు చూడండి. స్టవ్ మీద నీళ్లు పెడితే ముందు సన్నగా గుయ్‌మంటాయి. అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్లలోకి వచ్చి చితికిపోతూ చేసే చప్పుడది. నీళ్లన్నీ మరిగి, బుడగలు పైదాకా వచ్చి పగిలితే సలసల. అదే గిన్నెలో అన్నం దగ్గరపడుతుంటే కుతకుత. చిక్కటి గంజిలో బుడగ తొందరగా పైకి రాలేదు, వచ్చాక బరువుగా పగులుతుంది. సలసల, కుతకుత ఒకటి కాదని మన వంటింట్లో అందరికీ తెలుసు. తెలుగు మెథడ్ వాళ్లు వీటిని "ధ్వన్యనుకరణ పదాలు" అని బోర్డు మీద రాసి వదిలేస్తారు, సైన్స్ వాళ్లు అసలు ముట్టుకోరు. ఇద్దరూ ఒకే గిన్నె ముందు నిలబడాలని నా కోరిక.

మా అమ్మ కుళాయి కింద బిందె పెట్టి, అటు తిరిగి కూర తరుక్కునేది. నీళ్లు మెడ దాకా రాగానే చేయి చాచి కట్టేసేది, చూసేది కాదు. బిందెలో నీరు పెరిగేకొద్దీ పైనున్న గాలి తగ్గి చప్పుడు సన్నబడుతుంది. ఆమెకు తెలిసింది అదే. గాలిస్తంభం పాఠానికి నేను వాడే మొదటి ఉదాహరణ ఇప్పటికీ బిందే. ల్యాబ్‌లో మోగించి చూపే ట్యూనింగ్ ఫోర్క్ తర్వాత తీస్తాను.

నా పద్ధతి ఒకటి చెబుతాను. వెళ్లగానే కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి, తర్వాతే పుస్తకం తెరవండి. ఫోన్‌లో రికార్డు చేయకండి. రికార్డయిందన్న ధీమాతో చెవి పని మానేస్తుంది. ఉదయం ఆరులోపు వెళ్తే ట్రాఫిక్ హోరు ఉండదు. మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లకూడదన్నది రెండో పాఠంలోనే చెప్పాను.

ఈసారి అభ్యాసం కష్టమే. అయిదు ఉదయాలు ఒకే చోటికి వెళ్లండి. గుంటూరు వాళ్లు దగ్గర్లోని ఏ కాలువకైనా సరే. రోజూ ఎడమ పేజీలో టైము, నీరు పారుతోందా నిలిచిందా, ఏ చప్పుడు ఎన్నిసార్లు వినిపించిందో రాయండి. అక్కడ పోలికలు వద్దు. కుడి పేజీలో ఆ చప్పుడుకు ఒక్క మాట. గలగల, జలజల ఈ అయిదు రోజులూ నిషేధం. మాట దొరక్కపోతే ఇంట్లో పెద్దవాళ్లనో, పడవ నడిపేవాళ్లనో అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి.

ఆరో రోజు ఇంటి దగ్గర "నిండుకుండ తొణకదు" అన్న సామెత. బిందెను సగానికి, ముప్పాతికకు, మెడ దాకా, అంచు దాకా నింపి ఒక్కోసారి ఇరవై అడుగులు నడవండి. ఎన్ని నీళ్లు ఒలికాయో గ్లాసుతో కొలవండి. సామెత నిజమా కాదా అని తీర్పు రాయకండి. ఎంత నిండినప్పుడు నిజమైందో రాసి పంపండి.