రెండు స్పీకర్ల నడుమ గొంతు నిలవాలంటే

ఒకే గొంతు ఎడమ, కుడి స్పీకర్లలో సమానంగా వస్తే చెవికి అది రెండింట్లోంచీ వినిపించదు. మధ్యనున్న ఖాళీలోంచి వినిపిస్తుంది. బ్రిటిష్ ఇంజనీర్ ఆలన్ బ్లమ్‌లైన్ 1931లో పేటెంట్‌కి పెట్టిన స్టీరియో ఆలోచనంతా, ఇలా నడుమ ఏర్పడే ఈ శబ్దపు బొమ్మ మీదే నిలబడి ఉంది. ఒక పక్క శబ్దం పెరిగినా, ముందొచ్చినా బొమ్మ అటు జరుగుతుంది. సుమారు ఒక మిల్లీసెకను తేడా వస్తే పూర్తిగా ఆ స్పీకర్లోకే వెళ్లిపోతుంది. మిల్లీసెకనులో శబ్దం నడిచేది 34 సెం.మీ. అంటే సోఫాలో జానెడున్నర పక్కకి జరిగితే పాట మొత్తం ఒక పక్కకి వాలిపోతుంది. అందుకే కొలతల్లో అంత పట్టింపు.

ముందు వైర్లు చూడండి. మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా) ఉన్న మాటల రికార్డింగ్ ఏదైనా పెట్టి మధ్యలో కూర్చోండి. గొంతు ఎదురుగా పిడికిలంత చోటులో వినిపించాలి. అలా కాక గదంతా చెదిరి, బేస్ పలచబడితే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. ఒక చివర మాత్రమే మార్చండి. రెండు చివర్లా మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

తర్వాత త్రిభుజం. రెండు ట్వీటర్ల (స్పీకర్లలో సన్నని శబ్దాలు పలికించే చిన్న భాగాల) మధ్య 2 మీటర్లు, ఒక్కో ట్వీటర్ నుంచి తలకి 2 మీటర్లు. టేపు కుంగితే కొలత తప్పుతుంది కాబట్టి సాగని దారం వాడండి. తల ఉండే చోట ఒక కొస కట్టి, బిగువుగా లాగి ఎడమ ట్వీటర్ దగ్గర ముడేయండి. అదే దారాన్ని కుడివైపుకి తిప్పితే ముడి ట్వీటర్ దగ్గరికే రావాలి; తేడా సెంటీమీటరు దాటకూడదు. ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండాలి. మరీ ఎడం పెడితే గొంతు నడుమ నిలవక మధ్యలో గుంత పడినట్టుంటుంది.

స్పీకర్లను మొదట తిన్నగా పెట్టి, కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ వినండి. తిప్పేకొద్దీ మధ్య గొంతు బిగుస్తుంది, సౌండ్‌స్టేజ్ (ఎదురుగా శబ్దం పరుచుకున్నట్టు అనిపించే మేర) వెడల్పు తగ్గుతుంది. స్పీకర్ల చూపు మీ భుజాల పక్కనుంచి పోయేలా తిప్పిన చోట ఎక్కువ స్పీకర్లకి కుదురుతుంది.

ఇక గది. అసలు తంటా ఇక్కడే. మీరు కూర్చుని, పక్క గోడ మీద ఇంకొకరితో అద్దం జరిపించండి. అద్దంలో ట్వీటర్ కనబడిన చోట నుంచే మొదటి ప్రతిధ్వని వస్తుంది. అక్కడ మడతలున్న మందపాటి కర్టెనో, పుస్తకాల అలమరో ఉంటే బొమ్మ అంచులు తేరుకుంటాయి. ఒక పక్క అద్దాల కిటికీ, మరో పక్క వంటింటి వైపు ఖాళీ ఉన్న హాల్లో గొంతు కిటికీ వైపు లాగుతుంది, కాబట్టి ముందు ఆ గాజును కప్పండి. టైల్స్ నేల మీద, స్పీకర్లకీ కుర్చీకీ నడుమ తివాచీ పరవండి. టీవీ యూనిట్ మధ్యలో ఉంటే స్పీకర్ల ముఖాలు దానికన్నా ముందుకు రావాలి. వెనక గోడ నుంచి 50-60 సెం.మీ. ఎడం ఇస్తే లోతు తెలుస్తుంది.

ఇంకా పక్కకి లాగుతోందని బ్యాలెన్స్ నాబ్ ముట్టుకోకండి. అది శబ్దం మోతాదుని మారుస్తుందే గానీ ఆలస్యాన్ని సరిచేయదు. దారం మళ్లీ పట్టండి.