కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో ర్యామ్ సతాయిస్తుంటే: సికింద్రాబాద్ బస్సెక్కే ముందు ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

నల్లగొండలోనో, పాలమూరులోనో సొంతంగా కంప్యూటర్ బిగించుకునేవాళ్లు ఎక్కువగా సామాన్లు తెచ్చుకునేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) నుంచి, లేదంటే ఆన్‌లైన్‌లో. బిగించిన రోజు రాత్రి వచ్చే ఫోన్ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: "అన్నా, అన్నీ బిగించిన, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, డిస్‌ప్లే మాత్రం వస్తలేదు." ర్యామ్ పోయిందేమో, మార్చుకొని రమ్మని పక్కనున్నవాళ్లు సలహా ఇస్తారు. తీరా నూరు కిలోమీటర్లు పోయి కౌంటర్ మీద పెడితే, షాపతను తన బోర్డులో పెట్టి చూపిస్తాడు, అక్కడ అది బాగానే నడుస్తుంది. రానూ పోనూ ఛార్జీలు, ఒక రోజు పని పోయినట్టే.

ర్యామ్ సమస్యలా కనిపించేదంతా ర్యామ్‌లోనే ఉండదు. తప్పు ర్యామ్ స్టిక్‌లో (స్లాట్‌లో గుచ్చే సన్నటి పట్టీ) ఉండొచ్చు, మదర్‌బోర్డు స్లాట్‌లో ఉండొచ్చు, ప్రాసెసర్ కింది పిన్నుల్లో ఉండొచ్చు, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగుల్లో ఉండొచ్చు. అసలు స్టిక్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. వీటిలో ఏదన్నది ఇంట్లోనే తేలుతుంది. కావలసింది ఒక స్క్రూడ్రైవర్, ఒక పెన్‌డ్రైవ్, ఒక నోటుబుక్కు, ఓపిక. ఒకసారికి ఒకటే మార్చాలి, ఏం మార్చారో, ఏం జరిగిందో రాసుకోవాలి. రెండు మూడు ఒకేసారి మార్చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ముందు కరెంటు సంగతి

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకేయండి. తర్వాత క్యాబినెట్ పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. స్టిక్ పట్టుకునే ముందు ప్రతిసారీ క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి, బంగారు రంగు పళ్లకు వేళ్లు తగలొద్దు.

మన దగ్గర ఎర్తింగ్ మాట తప్పకుండా చెప్పాలి. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు క్యాబినెట్‌కు చెయ్యి ఆనిస్తే జివ్వుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని ఇంట్లో క్యాబినెట్ మీదికి మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ వచ్చి కూర్చుంటుంది. టెస్టర్ పెడితే దీపం వెలుగుతుంది. ఊళ్లలో ఉప్పు, బొగ్గు వేసి తీసిన ఎర్తింగ్ గుంతలు ఎండాకాలానికి ఎండిపోతాయి, అందులో నీళ్లు పోసిన గుర్తు ఎవరికీ ఉండదు. ముందు అది చూసుకోండి. జివ్వుమనడం కాకుండా గట్టిగా షాకే కొడితే కంప్యూటర్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

స్టిక్ నిజంగా కూర్చుందా?

ర్యామ్‌లో ఇప్పుడు దొరికే రకాలు డీడీఆర్4, డీడీఆర్5, రెండింటికీ 288 పిన్నులే. కానీ మధ్యలో ఉండే గాటు ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. ఇంటెల్ ప్రాసెసర్లకు వాడే బీ660, బీ760 బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి కాబట్టి బాక్స్ మీద పేరు పూర్తిగా చదవండి. స్టిక్ దిగకపోతే బలం పెట్టొద్దు, గాటు ఎక్కడుందో చూడండి.

నాలుగు స్లాట్ల బోర్డయితే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో వాటికి ఏ2, బీ2 అని పేర్లుంటాయి. ఒకటే స్టిక్ ఉంటే చాలా బోర్డుల్లో అది రెండో దాంట్లోకి పోతుంది. ప్రాసెసర్‌కు ఆనుకొని ఉన్న మొదటి స్లాట్ నుంచి వరసగా పెట్టుకుంటూ రావడం చాలామంది చేసే పని. దానివల్ల కొన్ని బోర్డులు అసలు లేవవు, కొన్ని లేచినా సగం వేగంతో నడుస్తాయి.

కూర్చోబెట్టేటప్పుడు క్యాబినెట్‌ను పడుకోబెట్టండి. రెండు చివరలా బొటనవేళ్లు పెట్టి సమానంగా, టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కాలి. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి క్లిప్పు ఒక వైపే ఉంటుంది. క్లిప్పున్న వైపు టక్కుమంటుంది, మనం పని అయిపోయిందనుకుంటాం. క్లిప్పు లేని రెండో చివర మాత్రం వెంట్రుకంత పైకి లేచి ఉంటుంది. అందుకని కళ్లను స్లాట్ ఎత్తుకు దించి, ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. స్లాట్ పైన పళ్ల బంగారు గీత రెండు చివరలా ఒకే మందంలో కనిపించాలి. ఒక పక్క ఎక్కువగా కనిపిస్తే అది కూర్చోలేదు. "డిస్‌ప్లే రావట్లేదు" అని వచ్చే కొత్త మిషన్లలో చాలావాటికి వైద్యం ఇదే.

పాత ర్యామ్‌కైతే పళ్లను మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా తుడవడం మామూలే. కొత్తదానికి అది అక్కర్లేదు. స్లాట్‌లోకి నోటితో ఊదడం పాతదానికైనా వద్దు, తేమ లోపలికి పోతుంది.

డిస్‌ప్లే రాకపోతే, ముందు ఆగండి

డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో కుదురుకోవడానికి టైం తీసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డ్రామ్ అని రాసిన చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది, మిషన్ దానంతటదే ఆగి మళ్లీ ఆన్ కావొచ్చు. ముఖ్యంగా ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లకు వాడే ఏఎం5 బోర్డుల్లో ఇది కొన్ని నిమిషాలు పడుతుంది. పావుగంటదాకా ముట్టుకోకండి. మధ్యలో స్విచ్ ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. బోరు మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఈ పని యూపీఎస్ మీదే చేయాలి. స్టిక్ మార్చినప్పుడల్లా, బయోస్ రీసెట్ చేసినప్పుడల్లా ఈ ఎదురుచూపు మళ్లీ ఉంటుందని గుర్తుంచుకోండి.

పావుగంట దాటినా ఏమీ రాకపోతే, ర్యామ్‌ను అనుమానించే ముందు రెండు చూడండి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల పవర్ వైరు బిగించారా? ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, బోర్డుకు పెడితే తెర ఎప్పటికీ రాదు.

తర్వాత బయోస్ రీసెట్. ప్లగ్ పీకి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ తీసి అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. మాన్యువల్‌లో క్లియర్ సీమాస్ అని చూపిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో కొన్ని సెకన్లు కలిపినా అదే పని జరుగుతుంది.

ఒక్కొక్క స్టిక్, ఒక్కొక్క స్లాట్

అసలు నిజం బయటపడేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. స్టిక్‌లకు చిన్న కాగితం ముక్కలు అంటించి ఒకటి, రెండు అని రాయండి. సీరియల్ నంబరు స్టిక్కర్ మీద మాత్రం ఏమీ రాయొద్దు, దాన్ని పీకొద్దు, వారంటీ దాని మీదే ఉంటుంది.

మొదట ఒకటో స్టిక్ మాత్రమే ఏ2లో పెట్టి ఆన్ చేయండి. తర్వాత అది తీసి రెండో స్టిక్ అదే ఏ2లో పెట్టండి. ఒకటి లేచి ఇంకోటి లేవకపోతే, లేవనిదాన్ని మిగతా స్లాట్లలో కూడా పెట్టి చూడండి. ఎక్కడా లేవకపోతే తప్పు ఆ స్టిక్‌దే. రెండూ ఏ2లో లేచాయనుకోండి, వాటిలో ఒకదాన్ని బీ2లో ఒంటరిగా పెట్టండి. ఏ2లో నడిచిన స్టిక్ బీ2లో నడవకపోతే స్టిక్ మంచిదే, తప్పు ఆ వైపు ఉంది. బీ1లో కూడా అంతేనా? అలాగైతే బీ అనే దారి (ఛానల్) మొత్తం తెగినట్టు. ఈ ఫలితాన్ని నోటుబుక్కులో అండర్‌లైన్ చేసుకోండి.

దారి మొత్తం పోయిందంటే బోర్డు పాడైందని వెంటనే అనుకోకండి. స్లాట్ల నుంచి తీగలు పోయేది ప్రాసెసర్‌లోకే, మెమరీని నడిపే భాగం ఉన్నది ప్రాసెసర్ లోపలే. కాబట్టి కూలర్ తీసి, ప్రాసెసర్ ఎత్తి సాకెట్ చూడాలి. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 1700 సన్నటి పిన్నులుంటాయి, ఏఎం5లో 1718. నేరుగా పైనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. టార్చ్‌ను ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి మెల్లగా కదపండి. పిన్నుల కొనలన్నీ వరసగా, ఒకే తీరుగా మెరుస్తూ పోతాయి. వంగిన పిన్ను దగ్గర ఆ వరసలో మెరుపు తెగుతుంది, లేదా కొన పక్కకు తిరిగి వేరేగా తళుక్కుమంటుంది. వేలు పెట్టొద్దు, గుడ్డతో తుడవొద్దు. ఫోన్‌తో దగ్గర్నుంచి ఫొటో తీసి, పెద్దగా చేసి చూసుకోండి. పాత ఏఎం4 రైజెన్‌లలో మాత్రం పిన్నులు సాకెట్‌లో కాదు, ప్రాసెసర్ అడుగునే ఉంటాయి.

పిన్నులు బాగుంటే కూలర్ బిగింపు మీద అనుమానం పెట్టుకోండి. ఒక మూల మరీ గట్టిగా, ఇంకో మూల వదులుగా ఉంటే ప్రాసెసర్ ఒక పక్కకు ఒరిగి, కొన్ని పిన్నులకు సరిగ్గా ఆనదు. థర్మల్ పేస్ట్ కొత్తగా వేసి, ఎదురెదురు మూలల స్క్రూలను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఇంత మాత్రానికే కనబడకుండా పోయిన 8 జీబీ ర్యామ్ తిరిగి కనిపించడం అరుదేమీ కాదు.

లేచింది గానీ లెక్క తేడా ఉంటే

టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ చూడండి. 16 జీబీకి 8 మాత్రమే కనిపిస్తే పైన చెప్పిన వరసే మళ్లీ. 15 చిల్లర కనిపిస్తే కంగారు పడొద్దు, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కొంత వాటా తీసుకుంటుంది. వేగం 2133, 2666 అని తక్కువగా కనిపించడం కూడా లోపం కాదు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ప్యాక్ మీద రాసిన వేగానికి ర్యామ్‌ను నడిపే సెట్టింగు) ఆన్ చేసేదాకా అంతే. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో 3200 ర్యామ్‌కు 1600 అని చూపిస్తుంది, అదీ సరైనదే, ఆ అంకెను రెండుతో గుణించుకోవాలి.

మెమ్‌టెస్ట్ పూర్తయ్యేదాకా మీ ఫైళ్లు ఎక్కించకండి

మిషన్ లేచింది, విండోస్ కూడా ఎక్కింది కదా అని చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పుగా నిలబడినా, కాపీ అయ్యే ప్రతి ఫైలూ దాని గుండానే పోతుంది. పాత హార్డ్‌డిస్కులోని పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు కొత్త మిషన్‌లోకి వచ్చేటప్పుడే చెడిపోవచ్చు. చెడిపోయినట్టు ఆ రోజు ఏ హెచ్చరికా రాదు. తెరిచిన రోజే తెలుస్తుంది, అప్పటికి పాత డిస్కును ఫార్మాట్ చేసేసి ఉంటారు.

వేరే కంప్యూటర్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, అది ఉచితం. బయోస్‌లో సెక్యూర్ బూట్ (తనకు తెలియని ప్రోగ్రాం నుంచి బూట్ కానివ్వని సెట్టింగు) అడ్డుపడితే ఆపేయండి, ఎక్స్‌ఎంపీ కూడా ఆపి ఉంచండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ తొందరగా అయిపోతుంది గానీ అంత లోతుగా వెతకదు. తెల్లారేసరికి ఎర్రర్ల దగ్గర సున్నా ఉండాలి. ఒక్కటున్నా పర్వాలేదనే మాటే లేదు. ఎర్రర్లు వస్తే ఒక్కొక్క స్టిక్‌ను విడిగా పెట్టి మళ్లీ నడపండి. డీడీఆర్5లో చిప్పు లోపలే తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది కదా అని టెస్ట్ మానొద్దు. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా పోయే దారిలో వచ్చే తప్పును అది పట్టలేదు.

సున్నా వచ్చాక ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఇంకోసారి నడపండి. ఈసారి ఎండాకాలమైతే మధ్యాహ్నం పూట పెట్టండి. నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో, రాత్రి చల్లగా ఉన్నప్పుడు నెగ్గిన ర్యామ్ పగలు తప్పొచ్చు. ఎక్స్‌ఎంపీతో మాత్రమే ఎర్రర్లు వస్తే బయోస్ అప్‌డేట్ చేయండి, అది కూడా ఎక్స్‌ఎంపీ ఆపేసి, యూపీఎస్ మీద. అప్పటికీ తగ్గకపోతే వేగం ఒక మెట్టు దించండి, 6000ను 5600 చేసి చూడండి. వేర్వేరు రోజుల్లో కొన్న రెండు స్టిక్‌లు కలిపితే, పేరూ వేగమూ ఒకటే అయినా, కలిసి నడుస్తాయన్న భరోసా ఉండదు. నాలుగు స్టిక్‌లైతే ఇంకా కష్టం. రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్‌లతో 5200 దాకా, నాలుగింటితో 3600 వరకే కంపెనీ హామీ ఇస్తుంది. కొనేటప్పుడే రెండు స్టిక్‌ల ఒకే ప్యాక్ తీసుకోవడం మేలు.

షాపుకు తీసుకుపోవాల్సి వస్తే

స్టిక్‌దే తప్పని తేలితే మెమ్‌టెస్ట్‌లో ఎర్ర గీతలు పడిన తెర ఫొటో, బిల్లు, డబ్బా తీసుకోండి. ప్యాక్‌గా కొన్నదైతే రెండు స్టిక్‌లూ పట్టుకుపోండి, ఒక్కటే మార్చివ్వరు. వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టండి, మామూలు పాలిథిన్ కవర్‌లో చుట్టొద్దు. కౌంటర్ దగ్గర డిస్‌ప్లే వచ్చిందని చూపిస్తే సరిపోదని మర్యాదగా చెప్పి, ప్యాక్ మీద రాసిన వేగంతో మెమ్‌టెస్ట్ నడపమని అడగండి. కొత్తది ఇచ్చాక ఇంట్లో దానికీ ఒక రాత్రి టెస్ట్ తప్పదు.

తప్పు బోర్డుదైతే, బయల్దేరే ముందు సాకెట్ ఫొటో తీసుకొని, బోర్డుతో వచ్చిన ప్లాస్టిక్ మూతను సాకెట్ మీద మళ్లీ పెట్టండి. పిన్నులు వంగిన బోర్డుకు సాధారణంగా వారంటీ ఇవ్వరు. మూత లేకుండా బస్సులో తీసుకుపోతే, ఇంట్లో బాగున్న పిన్నులు దారిలో వంగినా ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.