పూల్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? టైల్స్ పగలగొట్టే ముందు మల్టీపోర్ట్ వాల్వ్ చూడండి

వేసవిలో ఇంటి స్విమ్మింగ్ పూల్ నీటిమట్టం రోజుకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా తగ్గితే అది ఎండకు ఆవిరయ్యే నీరే. అంతకు మించి తగ్గుతున్నదనిపిస్తే, ఒక బకెట్‌లో పూల్ నీళ్లే నింపి మెట్టు మీద నిలబెట్టి, బకెట్ లోపలి మట్టానికీ బయటి మట్టానికీ గుర్తులు పెట్టి 24 గంటలు ఆగండి. రెండూ సమానంగా తగ్గితే చేయవలసిన మరమ్మతు ఏదీ లేదు. పూల్ మట్టమే ఎక్కువ తగ్గితే లీకు ఉన్నట్టు.

ఇక్కడే చాలామంది ఒక చిన్న పరీక్షను వదిలేసి నేరుగా టైల్స్ మీద పడతారు. నీళ్లు ఫిల్టర్‌లోకి వెళ్లాలా, వేస్ట్ పైపు గుండా బయటికి పోవాలా అన్నది హ్యాండిల్‌తో మార్చేది ఫిల్టర్‌కు బిగించిన మల్టీపోర్ట్ వాల్వ్. దాని హ్యాండిల్‌ను ఫిల్టర్ స్థానంలో ఉంచి, మోటార్ నడుస్తుండగా వేస్ట్ పైపు చివర ఏమి జరుగుతున్నదో చూడాలి. ఫిల్టర్ స్థానంలో ఆ పైపు నుంచి ఒక్క చుక్క కూడా రాకూడదు. ధార సన్నగా ఉన్నది కదా అని కొట్టిపారేయకండి. నిమిషానికి ఒక లీటరు చొప్పున కారినా రోజుకు 1,440 లీటర్లు అవుతుంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌లో అది నాలుగున్నర సెంటీమీటర్ల మట్టం.

ఈ పరీక్షను ఎందుకు వదిలేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి నేనే వదిలేశాను. చౌటుప్పల్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో వేస్ట్ పైపును భూమిలో పూడ్చి బత్తాయి తోటలోకి వదిలారు కాబట్టి దాని చివర ఎవరికీ కనపడదు. మోటార్ ఆపి ఒక రాత్రి, నడిపి ఒక రాత్రి కొలిచాను. రెండు రాత్రులూ మట్టం దాదాపు ఒకేలా తగ్గింది. మోటార్ ఆపినా తగ్గుతున్నదంటే లోపం పైపులైన్‌లో కాదు, పూల్ గోడలోనే పగులున్నదని నమ్మి, లైటు చుట్టూ, మెట్ల దగ్గర టైల్స్ తీయించి మళ్లీ గ్రౌటింగ్ చేయించాను. నీళ్లు తగ్గడం ఆగలేదు. చివరకు తోట చూసుకునే అతను నన్ను ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "అన్నా, ఈడ డ్రిప్పు బందు పెట్టి పది దినాలైంది, గీ తడి యాడికెల్లి వస్తున్నది?" అని అడిగాడు. మే నెలలో ఆ ఒక్క చెట్టు కిందే గరిక పచ్చగా ఉన్నది, మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతున్నది. మట్టి తవ్వితే మా వేస్ట్ పైపు చివర బయటపడింది.

నన్ను మోసం చేసింది పంపు, ఫిల్టర్ పెట్టిన గుంత. అది పూల్ నీటిమట్టానికి నాలుగు అడుగుల కిందికి ఉన్నది, తోట ఇంకా పల్లంలో ఉన్నది. అలాంటి చోట వాల్వ్ లోపల సీలు పోతే మోటార్ నడిచినా నడవకపోయినా నీరు తన బరువుతోనే వేస్ట్ లైన్‌లోకి దిగిపోతుంది. కాబట్టి గుంత కిందికి ఉన్న పూల్‌లో మోటార్ ఆపి చూసే పరీక్ష ఒక్కటే చాలదు. మోటార్ ఆపి, స్కిమ్మర్ (పై నీటిని లాగేది), మెయిన్ డ్రెయిన్ (అడుగు నుంచి లాగేది), రిటర్న్ (శుభ్రమైన నీటిని తిరిగి పూల్‌లోకి పంపేది) లైన్ల బాల్ వాల్వ్‌లు మూడూ కట్టేసి, ఒక రాత్రి గడిచాక కొలవాలి. అప్పుడు తగ్గడం ఆగితే టైల్స్ జోలికి వెళ్లవద్దు, లోపం గుంతలోని పరికరాల వైపే ఉన్నది.

వాల్వ్ లోపల సీలుగా పనిచేసేది స్పైడర్ గాస్కెట్ అనే, చక్రానికి ఆకుల్లా పుల్లలున్న రబ్బరు ముక్క. కొన్ని రకాల్లో అది వాల్వ్ అడుగున గాడిలో ఉంటుంది, కొన్నింటిలో తిరిగే రోటర్‌కు అతికి ఉంటుంది. మోటార్ నడుస్తుండగా హ్యాండిల్ తిప్పడమే దాన్ని అన్నిటికంటే ఎక్కువగా పాడుచేస్తుంది. నీటి ఒత్తిడి మీద రోటర్ రబ్బరును ఈడ్చుకుపోయి ఒక పుల్లను గాడిలోంచి లేపుతుంది. మోటార్ ఆపి, హ్యాండిల్‌ను పూర్తిగా కిందికి నొక్కి తిప్పడం పనివాళ్లందరికీ చూపించి నేర్పండి. రెండో కారణం మన బోరు నీళ్లు. నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది కానీ, ఇక్కడ నష్టం చేసేది ఆ నీటి కాఠిన్యం. తెల్లని సున్నపు పెచ్చు గాడిలో పేరుకుని రబ్బరును సమంగా కూర్చోనివ్వదు. క్లోరిన్ బిళ్లలను స్కిమ్మర్‌లో వేసే అలవాటు ఉంటే మానండి. మోటార్ ఆగినప్పుడు ఆ ఆమ్లపు నీరు పైపుల్లో నిలిచి రబ్బరును తింటుంది.

మరమ్మతుకు ముందు ఎంసీబీ దించి, బాల్ వాల్వ్‌లన్నీ కట్టి, ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి ప్రెషర్ గేజ్ ముల్లు సున్నాకు వచ్చేదాకా ఆగాలి. మూతకూ బాడీకీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. ఇది మరిచిపోతే మూత తప్పు దిశలో కూర్చుని హ్యాండిల్ చూపే స్థానం ఒకటి, నీరు వెళ్లే దారి ఇంకొకటి అవుతుంది. బోల్టులు ఎదురెదురుగా విప్పి, హ్యాండిల్, స్ప్రింగ్, రోటర్‌లతో సహా మూతను పైకెత్తండి. హ్యాండిల్ పిన్ను మాత్రం తీయకండి, దాని కింద గట్టి స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది.

పాత గాస్కెట్ తీశాక అసలు పని గాడిని శుభ్రం చేయడమే. పాత జిగురును కత్తితో కాకుండా చెక్క పుల్లతో గీకాలి, సున్నపు పెచ్చును నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో నానబెట్టి వదిలించాలి. ఒక ఇసుక రేణువు మిగిలినా కొత్త రబ్బరు అక్కడే లేస్తుంది. వేలికొన గాడి పొడవునా నడిపించి చూడండి, కంటికి దొరకనిది వేలికి తగులుతుంది. అదే వేలితో రోటర్ ముఖాన్ని కూడా తడమండి. గోరు ఆగేంత గీతలుంటే కొత్త గాస్కెట్ వేసినా కారుతుంది, రోటర్‌తో కూడిన పైభాగం మొత్తం మార్చవలసిందే. మూత ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి, బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. బలమంతా పెడితే పగిలేది ప్లాస్టిక్ మూతే.

బాడీ పగలడం, హ్యాండిల్ పిన్ను విరగడం, స్ప్రింగ్ చావడం అరుదు. బాడీ పగిలితే అతికించే ప్రయత్నం చేయకుండా వాల్వ్ మార్చండి. కొత్తది కొనేటప్పుడు పైపు ఒకటిన్నర అంగుళాలా, రెండు అంగుళాలా అన్నదానితో పాటు ఫిల్టర్‌కు వెళ్లే రెండు రంధ్రాల మధ్య దూరం కూడా కొలిచి తీసుకెళ్లాలి. యూనియన్లు, అంటే చేత్తో తిప్పి విప్పుకోగల జోడింపులు పెట్టి బిగిస్తే మరోసారి పైపు కోయవలసిన అవసరం రాదు.

బిగించాక ఫిల్టర్ స్థానంలో పదిహేను నిమిషాలు నడిపి, వేస్ట్ పైపు చివర పొడి గుడ్డ కట్టి చూడండి. చివర మట్టిలో పూడి ఉంటే ఇప్పుడే తవ్వించి, ఒక మూర పైపును పైకి, కంటికి కనపడేలా పెట్టించండి.