కడలి కింద మనిషి జాడ వెతకాలంటే

పడవ సంగతి తర్వాత, ముందు పటం పరచండి. దాదాపు 20,000 ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి నదులు ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. మనుషులు ఎక్కువగా నీటి ఒడ్డునే బతికేవారు కాబట్టి ఇళ్లను కాదు, నదిని వెతకండి. చమురు కోసం సేకరించిన ధ్వనితరంగాల సమాచారం నుంచే ఉత్తర సముద్రం అడుగున, ఒకప్పుడు బ్రిటన్‌ను ఐరోపాతో కలిపి ఇప్పుడు మునిగిపోయిన డాగర్‌ల్యాండ్ అనే నేలలోని నదీలోయలు బయటపడ్డాయి. పాత నది మలుపు, సరస్సు ఒడ్డు, వాగులు కలిసే చోటు గుర్తు పెట్టుకోండి.

తర్వాత గొట్టం దించి మట్టి తీయండి. ఇసుక వస్తే నాకు దిగులు. నల్లటి పీట్ మట్టి, అంటే సగమే కుళ్లిన మొక్కల పొర, వస్తే మాత్రం పండగే! గాలి చొరబడని ఆ మట్టిలో కర్ర, గింజ, పుప్పొడి వేల ఏళ్లు చెడకుండా ఉంటాయి. దాన్ని ఎండనివ్వకండి. సన్నని జల్లెడలో వేసి, నీళ్లు మెల్లగా పోస్తూ వేళ్లతో తడుముతాను. కాలిన కాయపెంకు గోరంత కనిపించినా ఆ రోజు ఇక అక్కడి నుంచి కదలను. అయితే బొగ్గొక్కటే చాలదు, అది కార్చిచ్చుదీ కావచ్చు. చెక్కిన చెకుముకిరాయి తోడుండాలి.

జాలర్లను తప్పక అడగండి. 1931లో ఉత్తర సముద్రంలో కొలిండా అనే చేపల పడవ వలలో పడిన పీట్ ముద్దలోనే ముళ్ల ఈటెమొన దొరికింది. 1999లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్ దీవి దగ్గర, బౌల్డ్‌నర్ క్లిఫ్ వద్ద, ఒక లాబ్‌స్టర్ తన బొరియలోంచి చెకుముకిరాళ్లను బయటికి నెట్టడం గజ ఈతగాళ్లు చూశారు. అందుకే నీళ్లలో దిగగానే నేను బొరియల నోళ్లు చూస్తాను. ఏది కనిపించినా ముట్టకముందే లోతు, స్థానం రాసి ఫొటో తీయండి.