అడ్మిషన్ల షీటు డేటాబేస్‌కి ఎక్కించే ముందు

జూన్ వచ్చిందంటే కాలేజీ ఆఫీసుల్లో ఎక్సెల్ షీట్లు కుప్పపడతాయి. వాటిని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించడానికి దాని కమాండ్ విండో పీఎస్‌క్యూఎల్‌లో ఒక్క కాపీ కమాండ్ చాలు. ఎర్రర్ వచ్చి ఆగిందా, సంతోషించండి. ఒక్క లైను తేడా వచ్చినా పోస్ట్‌గ్రెస్ ఆ ఫైలు మొత్తాన్నీ వెనక్కి కొట్టేస్తుంది, టేబుల్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. చప్పుడు చేయకుండా లోపలికి పోయే తప్పులతోనే టెన్షన్.

పుట్టిన తేదీలతో నేనోసారి దెబ్బతిన్నాను. షీటులో 05/08/2007 అని ఉంది, అంటే ఆగస్టు 5. సర్వరు నెలను ముందు చదివే సెట్టింగులో ఉంది కాబట్టి మే 8 చేసేసింది. 12 దాటిన తేదీ ఒక్కటున్నా ఎర్రర్ వచ్చి బయటపడేదే. ఆ రోజు ఎక్కించింది ఆలస్యంగా చేరిన నలుగురినే, నలుగురివీ 12 లోపే. హాల్ టికెట్ చేతికొచ్చాక ఒకాయన ఫోన్ చేశారు: "సార్, మా పాపకి మూడు నెలల వయసు పెంచేశారేంటి?"

అప్పట్నుంచి ముందుగా అన్ని కాలమ్స్ టెక్స్ట్‌గా ఉన్న తాత్కాలిక టేబుల్‌లోకే పోస్తున్నాను. అక్కణ్ణుంచి అసలు టేబుల్‌కి పంపేటప్పుడు టెక్స్ట్‌ని తేదీగా మార్చే టు_డేట్ ఫంక్షన్‌కి రోజు, నెల, సంవత్సరం వరస నేనే చెబుతాను. సర్వర్ ఊహకి వదలను.

ఆధార్ ఇంకో తలనొప్పి. జనరల్ ఫార్మాట్ సెల్‌లో 12 అంకెలు కొడితే 1.23457ఈ+11 అని కనిపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్లోకి అదే పోతుంది. బ్యాంకు ఖాతా నంబరైతే మరీ ఘోరం: ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆపైవి సున్నాలైపోతాయి. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పోయినవి రావు. నంబర్లు కొట్టకముందే కాలమ్‌ని టెక్స్ట్ చేయండి. తయారైన సీఎస్‌వీని సరిచూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేశారో, మొదటికొస్తుంది.

సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. తెరిచి ఉన్న షీటు ఒక్కటే సేవ్ అవుతుంది. ఎంపీసీ, బైపీసీ వేరు షీట్లలో ఉంటే రెండుసార్లు చేయాలి.

లెక్క చూడటం మానకండి. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థవాళ్లు పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లు వాడితే, ఆ ఫార్మాట్ 65,536 వరసలకే ఆగిపోయి, 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. మన షీట్లు అంత పెద్దవి కావు గానీ, కాపీ అయ్యాక తెరమీద వచ్చే సంఖ్య, షీటులో విద్యార్థుల సంఖ్య ఒకటే ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో లైన్లు ఎక్కువ కనిపిస్తే కంగారుపడొద్దు, ఎవరో అడ్రసులో ఆల్ట్ ఎంటర్ కొట్టి సెల్ లోపలే లైను మార్చి ఉంటారు.

అసలు టేబుల్‌ని ముట్టుకునే ముందు పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే బ్యాకప్ టూల్ పీజీ_డంప్‌తో దాని కాపీ తీసుకోండి. బిగిన్ కొట్టి (కమిట్ కొట్టేదాకా ఏదీ ఖాయం కాదు), ఇన్సర్ట్ చేసి, నాలుగైదు పేర్లు కాగితం దరఖాస్తులతో పోల్చుకున్నాకే కమిట్. పాస్‌వర్డ్‌ని కమాండ్‌లో రాస్తే హిస్టరీలో ఉండిపోతుంది, పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ చదువుకునే పీజీపాస్ ఫైలులో పెట్టుకోండి.

పోస్ట్‌గ్రెస్ బదులు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లకి ఒక మాట: అందులో ఫైలు ఎక్కించే కమాండ్ లోడ్ డేటా లోకల్‌తో ఎక్కిస్తే చెడ్డ విలువ వచ్చినా ఆగదు, వార్నింగ్ ఇచ్చి పోసేస్తుంది. చివర్లో వార్నింగ్స్ సంఖ్య సున్నా కాకపోతే షో వార్నింగ్స్ కొట్టి చదవండి, వేరే కమాండ్ ఏదీ కొట్టకముందే.