అపార్ట్‌మెంట్ సైట్‌లో లీన్, అజైల్ కలిపి వాడటం ఎలా?

స్లాబ్ పోశాక ఫ్లాట్ ఓనర్ వచ్చి "ఫ్యాన్ ఇక్కడ కాదు, అక్కడ కావాలి" అంటే ఎంత టెన్షనో కొండాపూర్‌లోనైనా కొంపల్లిలోనైనా సైట్ ఇంజనీర్లందరికీ తెలుసు. మార్పులు ఎప్పటిదాకా అడగొచ్చో ముందే చెప్పి ఉంటే ఆ గొడవే రాదు.

ఇందుకు రెండు పని పద్ధతులు కలిపి వాడొచ్చు. లీన్ టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో పుట్టింది: వృథా తగ్గాలి, పని ఆగకూడదు. అజైల్ మన మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినిపించేదే: కొంచెం చేసి, చూపించి, దిద్దుకోవడం.

1. మార్చగలిగేవి, మార్చలేనివి విడదీయండి. టైల్స్, కిచెన్ గట్టు, స్విచ్ పాయింట్లు అజైల్‌కు వదలండి. రెండు వారాలకోసారి ఓనర్లకు డ్రాయింగో శాంపిల్ గదో చూపించి మార్పులు రాసుకోండి. ప్రతిదానికీ చివరి తేదీ పెట్టండి: ఫ్యాన్ పాయింట్లకు స్లాబ్ ముందు, గోడ పాయింట్లకు ప్లాస్టరింగ్ ముందు. ఆ తేదీ దాటాక ఎవరడిగినా ఒప్పుకోవద్దు.

2. మార్చలేని పనులకు లీన్. 1990లలో గ్లెన్ బలార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించిన 'లాస్ట్ ప్లానర్' పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ మేస్త్రీలను కూర్చోబెట్టి, స్లాబ్ తేదీ నుంచి వెనక్కి లెక్కేయించండి. ఏ పని ఎప్పుడో వాళ్లే చీటీల మీద రాసి గోడకు అంటించాలి. ఆఫీసులో కూర్చుని మనం రాసిన ప్లాన్‌కు వాళ్లు కట్టుబడరు. కూలీల్లో హిందీ వాళ్లుంటే హిందీలో కూడా రాయించండి.

3. ఆరు వారాల ముందుకు చూడండి. స్టీల్ వచ్చిందా, డ్రాయింగ్ ఖాయమైందా? కాంక్రీట్ లారీలకు నగరంలో తిరగనిచ్చే సమయాలేంటి? దసరాకు ఎంతమంది ఊరెళ్తారు? జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన రోజులనూ లెక్కలో వేయండి.

4. ఇచ్చిన మాట ఎంత నిలిచిందో ప్రతి శనివారం లెక్క చూడండి. 20 పనులు చేస్తామని 13 పూర్తి చేస్తే 65 శాతం. సగం అయింది సున్నా కిందే లెక్క. మిగిలిన 7 ఎందుకు ఆగాయో అడగండి, ఎవరినీ తిట్టకండి. తిడితే వచ్చే వారం నిజం చెప్పరు. ఇదే అన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్ముతాను.

రోజూ ఉదయం పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటే చాలు.

వేగం కోసం క్యూరింగ్ (కాంక్రీట్‌ను తడిగా ఉంచడం) రోజులు మాత్రం తగ్గించకండి. కాంక్రీట్ పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు కనీసం 7 రోజుల తడి కావాలి. స్పాన్ (మోసే గోడలు లేదా దూలాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటిన స్లాబ్ కింద సపోర్టులు 14 రోజులు ఉండాలి. ముందు ఒక్క ఫ్లోర్‌లో మొదలుపెట్టండి. అక్కడ తేలిన ఆటంకాలను సరిచేశాకే పై ఫ్లోర్ చీటీలు గోడకెక్కించండి.