పడకగది టీవీకి చిన్న స్పీకర్లు: సమస్య - పరిష్కారం

కొత్త స్పీకర్లు పని చేయడం లేదని వచ్చేవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "టీవీ వెనక ఏమేమి ఉన్నాయో చూశారా?" చూసి ఉండరు. గోడకు బిగించిన టీవీని ఎవరు కదుపుతారండీ అంటారు. కదపనక్కరలేదు. ఫోను పట్టుకుని చెయ్యి వెనక్కి పోనిచ్చి, లైటు వేసి రెండు ఫొటోలు తీస్తే చాలు. టీవీ వెనక ఏ రంధ్రం ఉందో తెలియకుండా స్పీకర్లు కొనడమంటే ఇంట్లో మరచిపోయి వచ్చిన పాదానికి చెప్పులు కొనడమే. కడపలో ఇన్నేళ్లుగా స్పీకర్లు అమ్మే, బాగుచేసే పని చేస్తున్నాను. కొన్న మరునాడే మార్చుకోవాలని వచ్చిన స్పీకర్లలో ఎక్కువ వాటికి ఏ లోపమూ లేదు.

ఆ ఫొటోలో చూడవలసినవి నాలుగు. హెడ్‌ఫోన్ పెట్టుకునే 3.5 మి.మీ. జాకు, ఎరుపు తెలుపు రంగుల ఆడియో అవుట్, శబ్దాన్ని వెలుగుగా పంపే, చిన్న చదరపు మూత ఉన్న ఆప్టికల్, ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే ఏర్పాటు) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ. ఎరుపు తెలుపు జంట కనిపించగానే సంతోషపడకండి. దాని పక్కన పసుపు రంగు కూడా ఉంటే చాలా టీవీలలో అది లోపలికి తీసుకునేదే, బయటికి ఇచ్చేది కాదు. పైన ఇన్ అని ఉందో అవుట్ అని ఉందో చదవండి.

తరువాత టేపు తీయండి. 32 అంగుళాల టీవీ అడ్డంగా సుమారు 72 సెం.మీ. ఉంటుంది. మూడు అడుగుల గూట్లో దాన్ని పెడితే అటూ ఇటూ మిగిలేది చెరో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. అందులో ఏ జోడు స్పీకర్లు పడతాయో దుకాణానికి వెళ్లకముందే తేలిపోవాలి. సౌండ్‌బార్ అయితే టీవీ కాళ్ల మధ్య దూరం, తెర అడుగు అంచు కింద ఉన్న ఎత్తు, ఈ రెండూ కొలవండి. ఎత్తు సరిపోకపోతే అది రిమోటు కన్నును కప్పేస్తుంది. అప్పుడు రిమోటు పాడైందని ఇంకొకరు వస్తారు. వైరు వెనక్కి తిరగడానికి మరో రెండు అంగుళాలు లెక్కలో వేసుకోండి.

శబ్దం అసలే రావడం లేదు

మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా సౌండ్‌బార్‌కు శబ్దం పంపేది ఏఆర్‌సీ అని రాసి ఉన్న ఒక్కటే. మిగతా రెండూ తీసుకునేవే. వైరు అందులోనే పెట్టారా? పెడితే టీవీ సెట్టింగులలో సీఈసీ, అంటే టీవీ, సౌండ్‌బార్ ఆ వైరు మీదే ఒకదాన్నొకటి నడిపించుకునే ఏర్పాటు, ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెట్టుకుంటుంది, కాస్త వెతకాలి. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏర్పాటు. అంతకన్నా పాత టీవీలో దాని కోసం వెతికి లాభం లేదు.

ఆప్టికల్ వైరైతే రెండు కొసలకూ ఉన్న సన్నని పారదర్శకమైన తొడుగులు తీశారో లేదో చూడండి. నవ్వకండి. అవి తీయకుండానే బలవంతంగా గుచ్చి, టీవీ పోయిందని చెప్పినవాళ్లు నాకు ఒకరిద్దరు కాదు. టీవీ ఆన్‌లో ఉండగా వైరు రెండో కొసలో ఎర్రటి వెలుగు కనిపించాలి.

ఒక ఛానల్‌కు వస్తుంది, ఇంకొక ఛానల్‌కు రాదు

స్పీకరు చెడితే అన్ని ఛానళ్లకూ చెడుతుంది కదా. వచ్చేవాటికి వచ్చి, రానివాటికి రాకపోవడం డాల్బీ తకరారు. డాల్బీ అంటే శబ్దాన్ని కుదించి పంపే ఒక పద్ధతి. ఆప్టికల్ నుంచి మామూలు స్పీకర్లకు శబ్దం మార్చి ఇచ్చే చిన్న పెట్టె చాలా ఇళ్లలో ఉంటుంది. చవక రకాలకు పీసీఎం, అంటే కుదించని మామూలు డిజిటల్ శబ్దం, ఒక్కటే అర్థమవుతుంది. డాల్బీలో వచ్చే ఛానల్ పెడితే మూగబోతుంది, లేదా చరచర మంటుంది. టీవీ సౌండ్ సెట్టింగులలో డిజిటల్ అవుట్‌పుట్‌ను ఆటో నుంచి పీసీఎంకు మార్చండి. సెట్ టాప్ బాక్సులోనూ అదే పని చేయండి. రెండో చోట మరచిపోయేవాళ్లే మళ్లీ ఫోను చేస్తారు.

పెదవులు ముందు, మాట వెనక

బ్లూటూత్. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే మనిషి గుర్తుపడతాడని ప్రసార ప్రమాణాలు లెక్కగట్టాయి. మామూలు బ్లూటూత్ ఆ గీత సులువుగా దాటేస్తుంది. పాటలకు పర్వాలేదు, సినిమాకు కాదు. వైరు వేయండి. సర్దుబాటు చేస్తామని చెప్పే సెట్టింగులు కొన్ని టీవీలలో ఉన్నాయి. వాటితో గంట గడిపే ఓపిక మీకుంటే మీ ఇష్టం.

మాట గుమ్ముగా ఉంది, కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది

దీని దగ్గర నేను చాలా దెబ్బలు తిన్నాను కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కడప ఎర్రముక్కపల్లిలో ఒక రిటైరైన మాస్టారి ఇల్లు. పది అడుగులకు పది అడుగుల పడకగది. కింద నాపరాళ్లు, పైన శ్లాబు. మంచానికి ఎదురు గోడలో గూడు, గూటికి అడ్డంగా కడప బండ. బండ మీద టీవీ, దానికి అటూ ఇటూ కొత్తగా కొన్న చిన్న జోడు స్పీకర్లు. మంచివే, నేను చెప్పినవే. వార్తలు చదివే మగవాళ్ల మాట అర్థం కావడం లేదు, ఆడవాళ్ల మాట కాస్త నయం అన్నారు. వెళ్లాను. గది మధ్యలో నిలబడి విన్నాను. శుభ్రంగా ఉంది. బాస్ రెండు గీతలు తగ్గించి వచ్చేశాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోను. ఈసారి స్పీకర్లే మార్చి ఇచ్చాను. నిలబడి విన్నాను, బాగుంది. మళ్లీ ఫోను. మూడోసారి వెళ్లేసరికి ఆయన ఓపిక సన్నగిల్లింది. "నాయనా, నేను నిలబడి టీవీ చూడను. ఇట్లా వచ్చి పడుకుని విను" అన్నారు.

చెప్పులు విడిచి ఆయన తలగడ మీద తల పెట్టాను. నిజంగానే కుండలో నుంచి వస్తున్నట్టుంది. లేచి గది మధ్యకు వచ్చాను, శుభ్రంగా ఉంది. మళ్లీ పడుకున్నాను, కుండ.

లెక్క ఇదీ. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు. అంత దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ (సెకనుకు 56 ఊపులు) దగ్గర ఒక శబ్దం చిక్కుకుని ఊగుతుంది. అది గోడల దగ్గర లావుగా, గది మధ్యలో సన్నగా ఉంటుంది. గది పొడవూ వెడల్పూ పదే, శ్లాబు ఎత్తూ దాదాపు పదే అయితే మూడు వైపుల ఊపూ ఒకే స్వరం మీద కలిసి పడుతుంది. మన ఊళ్లలో పడకగదులు ఎక్కువగా ఇదే కొలత. నిలబడ్డ మనిషి చెవి అయిదు అడుగుల ఎత్తున, అంటే నేలకూ శ్లాబుకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. తలగడ మాత్రం గోడను ఆనుకుని, నేలకు రెండడుగుల ఎత్తున ఉంటుంది. మెకానిక్కు వినేదీ మంచం మీద మనిషి వినేదీ వేరు వేరు శబ్దాలు.

ఇది సగమే. మిగతా సగం గూడు. చిన్న స్పీకర్లలో చాలావాటికి వెనక ఒక గుండ్రటి గొట్టం ఉంటుంది. పెట్టె చిన్నదైనా బాస్ కాస్త ఎక్కువ రావాలని పెట్టే ఏర్పాటు అది. దానికి వెనక ఖాళీ కావాలి. మనం ఏం చేస్తాం? గూట్లో గోడకు ఆనించి తోసేస్తాం. గోడ దగ్గరైతేనే కింది శబ్దాలు బలుస్తాయి. గూట్లో వెనక గోడ, పక్క గోడ, అడుగున బండ, పైన ఇంకొక బండ. నాలుగు వైపులా గట్టి రాయి, ఎక్కడా పీల్చుకునేది లేదు. మగ గొంతు అడుగు స్వరం 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఆడుతుంది. గూడు బలిపించేది ఆ చుట్టుపక్కలే. ఆడ గొంతు ఎక్కువగా దానికి పైనే ఆడుతుంది కాబట్టి చాలావరకు తప్పించుకుంటుంది. మాస్టారు మొదటిరోజే ఆ మాట చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. మగ గొంతు వార్తల ఛానల్ పెట్టండి. స్పీకర్లను అవే వైర్లతో గూట్లో నుంచి తీసి, గోడకు రెండడుగులు ఇవతల స్టూలు మీద పెట్టండి. ఇప్పుడు మంచం మీద పడుకుని, మీరు రోజూ తల పెట్టే చోటే తల పెట్టి వినండి. మాట తేటపడితే తప్పు స్పీకరుది కాదు. తేడా లేకపోతే మాత్రం స్పీకరును అనుమానించండి. గది మధ్యలో నిలబడి మాత్రం ఏదీ తేల్చకండి.

సరిచేయడానికి ముందు స్పీకర్లను ముందుకు లాగండి. వాటి మొహం బండ అంచుతో సమానంగా, కుదిరితే అర అంగుళం బయటికి ఉండాలి. వెనక కనీసం నాలుగు అంగుళాలు ఖాళీ ఉండాలి. గూడు లోతు తక్కువై అంత వీలు కాకపోతే ఆ వెనక గొట్టంలో స్పాంజి ముక్క గానీ, చుట్టిన పాత సాక్సు గానీ దూర్చండి. బాస్ కొంచెం తగ్గుతుంది, మాట బయటపడుతుంది. స్పీకర్ల వెనక మిగిలిన ఖాళీలో పాత బొంత మడిచి నిలబెట్టండి. చూడటానికి బాగుండదని ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు, టీవీ వెనక దాచండి. ఆంప్లిఫయరు లోపలే ఉన్న స్పీకరు వేడి పుట్టించే వైపు మాత్రం బొంత తగలనీయకండి. మన ఏప్రిల్ మే ఎండలకు గూడు ముందే కాగి ఉంటుంది. స్పీకర్ల కింద రబ్బరు ముక్కలు వేస్తే బండ అదరడం ఆగుతుంది. మంచాన్ని గోడ నుంచి ఒక అడుగు ఇవతలికి జరపగలిగితే అదీ మేలే, కానీ పది అడుగుల గదిలో ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

ఇంకా కొనకపోతే పని ఇంకా తేలిక. గూట్లో పెట్టేవాళ్లు వెనక గొట్టం ఉన్నవి కొనవద్దు. ముందు వైపు గొట్టం ఉన్నవి, లేదా గొట్టమే లేని మూసిన పెట్టెలు తీసుకోండి. గూడు కింద గోడకు బిగించే సన్నటి సౌండ్‌బార్ అన్నిటికన్నా నయం, గూడు గొడవే ఉండదు. విడిగా సబ్‌వూఫర్ (బాస్ కోసమే పెట్టే పెట్టె) ఉన్న సెట్టు ఈ గదికి వద్దు. పెట్టడానికి చోటు లేక మంచం కిందికి తోస్తారు, ఇక తలగడే స్పీకరు అవుతుంది. పెట్టె మీద వేలల్లో రాసే వాట్లు చదివి మోసపోకండి. ఆర్ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి, ఒక్కటే చూడండి. ఈ గదికి ఒక్కో వైపు 10 నుంచి 20 వాట్లు చాలు, రాత్రి పక్క గదిలో పిల్లలు చదువుకుంటుంటే అదీ ఎక్కువే.

మాస్టారి ఇంట్లో చివరికి నేను చేసింది స్పీకర్లు నాలుగు అంగుళాలు ముందుకు లాగి, రెండు స్పాంజి ముక్కలు దూర్చడం. దానికి మూడుసార్లు తిరిగాను, ఒక జోడు మార్చాను.

గుయ్‌మని ఆగకుండా మోత

కేబుల్ వైరు సెట్ టాప్ బాక్సు నుంచి ఊడదీయండి. మోత ఆగిందా? ఆ వైరు వీధిలోని ఇంకెన్నో ఇళ్లతో కలిసి ఉంది, మీ ఇంటి ఎర్తుకూ దానికీ మధ్య తేడా స్పీకర్లలో మోతగా దిగుతోంది. టీవీ నుంచి స్పీకరుకు వచ్చే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, అది చాలు. ప్లగ్గులోని మూడో పిన్ను (ఎర్తు) విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకండి, పోయేది మోత ఒక్కటే కాదు. టీవీ లోహపు భాగం తాకితే చురుక్కుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు చూపించండి. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోవడం మన దగ్గర మామూలే, బిందెడు నీళ్లు పోసి చూడమనండి.

యూఎస్‌బీ కరెంటుతో నడిచే స్పీకర్లను టీవీ యూఎస్‌బీకే పెడితే పెద్ద శబ్దానికి పగిలినట్టు మోగుతాయి. మామూలు యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. ఫోను చార్జరుకు మార్చండి. సన్నటి బుస మాత్రమే వస్తుంటే టీవీ శబ్దం ముప్పావు వంతుకు పెంచి, స్పీకరు దగ్గర తగ్గించుకోండి.

స్పీకరు లోపల అదిరే గరాటు (కోన్) చిరగడం, ఎలుక వైరు కొరకడం, టీవీలో ఆడియో ఐసీ (శబ్దం చిప్పు) పోవడం: ఉంటాయి, అరుదు. ఇంత దూరం చూశాక కూడా బాగుపడకపోతే దుకాణానికి తీసుకురండి. స్పీకరు ఒక్కటే తేకుండా దాని అడాప్టరు కూడా తెండి. పోయిందనుకుని తెచ్చిన వాటిలో చాలాసార్లు పోయింది అదే.